పేరు తప్పుగా కొడితేనే దొరికింది: అమెరికా రాష్ట్రాల అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ సైట్లు, నా రివ్యూ

కొన్ని నెలల కిందట మా మెయిల్‌బాక్సులో ఒక చెక్కు వచ్చింది. 312 డాలర్ల 47 సెంట్లు. పంపింది ఒక రాష్ట్ర ప్రభుత్వం. ఆ రాష్ట్రంలో నేను ఉన్నది మూడేళ్ళే, వదిలేసి పన్నెండేళ్ళయింది, ఇప్పుడు డాలస్ పక్కన ఉంటున్నాను. 2010లో కొత్తగా దిగినప్పుడు నాకు క్రెడిట్ హిస్టరీ అంటూ ఏమీ లేదని కరెంటు కంపెనీవాళ్ళు డిపాజిట్ కట్టించుకున్నారు. మా ఆయనకి క్లయింట్ మారి రెండు వారాల్లో ఊరు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు ఆ గొడవలో డిపాజిట్ సంగతి ఎవరికి గుర్తుంటుంది, కారు పట్టనన్ని గిన్నెలు, కుక్కర్, రైస్ బస్తా, వాటి మధ్య పిల్ల. వాళ్ళు చెక్కు పాత అపార్ట్‌మెంట్‌కే పంపారట, అది తిరిగి వెళ్ళిపోయిందట, కొన్నేళ్ళు తమ దగ్గర పెట్టుకుని చివరికి రాష్ట్రానికి అప్పజెప్పారట. ఇలా ఎవరూ అడగక మిగిలిపోయిన డబ్బునే అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ అంటారు, ఇదంతా నాకు ఇప్పుడు తెలిసింది.

తెలిసిన విధం కూడా చెప్తాను. వరలక్ష్మీ వ్రతానికి ఒకావిడ ఇంటికి పేరంటానికి వెళితే, శనగలు పొట్లం కడుతూ ఆవిడ "వదినా, నీ పేరు ఎప్పుడైనా అన్‌క్లెయిమ్డ్‌లో కొట్టి చూశావా, మాకు నాలుగు వందలొచ్చాయి" అంది. నేను నమ్మలేదు. మనకి వచ్చే ఫోన్లేమిటి? ఐఆర్ఎస్ (ఇక్కడి ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసు) నుంచి మాట్లాడుతున్నాం, మీ మీద వారెంట్ ఉంది, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి అనే రకం. అలాంటి దేశంలో ప్రభుత్వం తనంతట తాను "నీ డబ్బు నా దగ్గరుంది, వచ్చి పట్టుకెళ్ళు" అంటుందంటే ఎవరైనా అనుమానిస్తారు. ఆ రాత్రి పడుకునే ముందు ఫోన్లో కొట్టి చూశాను. మొదట ఏమీ రాలేదు. ఏమీ ఎందుకు రాలేదో, తర్వాత ఎలా వచ్చిందో అదే ఈ రివ్యూలో అసలు సంగతి, దానికి వస్తాను.

ముందే నా మార్కులు చెప్పేస్తాను, చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం. వెతకడానికి 5కి 5. పైసా అడగరు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, పేరు కొడితే చాలు. క్లెయిమ్ చేయడానికి మాత్రం ఒక రాష్ట్రానికి 4, ఇంకో రాష్ట్రానికి 2, ఆ రెండు మార్కులూ కూడా చివర్లో ఫోనెత్తిన ఒక మంచి మనిషి వల్ల.

అసలు ఇది ఏమిటంటే: బ్యాంకులో వదిలేసిన ఖాతా, తీసుకోని ఆఖరి జీతం చెక్కు, కరెంటు, గ్యాసు డిపాజిట్లు, ఇన్సూరెన్స్ రీఫండ్లు, డాక్టరు దగ్గర ఎక్కువ కట్టిన డబ్బు, షేర్ల డివిడెండ్లు, ఇలాంటివి ఏ కంపెనీ దగ్గరైనా మనిషి జాడ లేకుండా కొంతకాలం ఉండిపోతే, ఆ కంపెనీ వాటిని లాభంలో కలిపేసుకోడానికి వీల్లేదు, రాష్ట్రానికి అప్పగించాలి. ఆ కొంతకాలం అన్నది రాష్ట్రాన్ని బట్టి, వస్తువును బట్టి మారుతుంది. చాలావాటికి మూడేళ్ళ నుంచి ఐదేళ్ళు, జీతానికైతే చాలా చోట్ల ఏడాదే. మా టెక్సాస్‌లో కరెంటు, నీళ్ళ డిపాజిట్లకి 18 నెలలు. అప్పగించాక ఆ డబ్బు రాష్ట్రానిది అయిపోదు, కాపలాదారు మాత్రమే, చాలా రాష్ట్రాల్లో ఎన్నేళ్ళ తర్వాతైనా వెళ్ళి అడగొచ్చు. ఈ అధికారులందరికీ ఒక జాతీయ సంఘం ఉంది, నౌపా అంటారు, వాళ్ళ లెక్క ప్రకారం అమెరికాలో ఏడుగురిలో ఒకరికి ఇలాంటి డబ్బు ఎక్కడో ఒకచోట ఉంది. ఒక్క కాలిఫోర్నియా దగ్గరే వెయ్యి కోట్ల డాలర్లకు పైగా ఉంది. డాలర్లండీ, రూపాయలు కాదు.

మన తెలుగువాళ్ళ సగటు తీస్తే ఏడుగురిలో ఒకరు కాదు, ముగ్గురో నలుగురో ఉంటారని నా గట్టి అనుమానం. లెక్కలేమీ లేవు, మన బతుకులు చూసి చెప్తున్నాను. మాస్టర్స్‌కి ఒక రాష్ట్రం, చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీకి ఇంకోటి, హెచ్-1బి ఉద్యోగ వీసా వచ్చాక ప్రాజెక్టు ఎక్కడ దొరికితే అక్కడ, చివరికి ఇల్లు కొనేది టెక్సాస్‌లోనో నార్త్ కరోలినాలోనో. ప్రతి మకాంలో ఒక కరెంటు కనెక్షను, ఒక ఇంటర్నెట్టు, ఒక బ్యాంకు ఖాతా, ఒక జిమ్ము. అన్నీ సరిగ్గా మూసి వచ్చినవాళ్ళెవరైనా ఉంటే చేతులెత్తండి.

ఇక ఏ రాష్ట్రంలో వెతకాలి అన్నది. మీరు ఉన్న రాష్ట్రంలో అని అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను, అది సగమే నిజం. 1965లో టెక్సాస్, న్యూజెర్సీ మధ్య కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక వరస తేల్చింది: కంపెనీ పుస్తకాల్లో మనిషికి చివరిగా ఏ అడ్రసు ఉందో ఆ రాష్ట్రానికి డబ్బు పోతుంది, అడ్రసే లేకపోతే కంపెనీ ఎక్కడ రిజిస్టరైందో ఆ రాష్ట్రానికి. కంపెనీ పుస్తకాల్లో ఉన్న అడ్రసు, మీరు నిజంగా ఉన్న అడ్రసు కాదు. ఇది మనవాళ్ళకి ఎంత ముఖ్యమో చూడండి. కన్సల్టెన్సీ ద్వారా వచ్చినవాళ్ళలో ఎంతమందికి మొదటి అడ్రసు న్యూజెర్సీలో ఒక గెస్ట్ హౌసు? ఎడిసన్‌లోనో ఐసెలిన్‌లోనో ఒక ఇంట్లో పన్నెండుమంది, హాల్లో పరుపులు, గోడకి అంటించిన వంట డ్యూటీ చార్టు. అక్కడ ఉన్నది మూడు వారాలే, తర్వాత పదేళ్ళు మిన్నసోటాలో ఉన్నా సరే, ఆ మూడు వారాల్లో తెరిచిన బ్యాంకు ఖాతాకి, మొదటి జీతానికి అడ్రసు ఆ గెస్ట్ హౌసే. కాబట్టి అక్కడా వెతకండి. ఒక్క రాత్రి దిగిన బావగారి ఇల్లున్న రాష్ట్రంలో కూడా వెతకండి, ఏదైనా కార్డుకి ఆ అడ్రసు ఇచ్చి ఉంటే.

డెలావేర్‌లో కూడా వెతకండి. ఆ చిన్న రాష్ట్రంలో మీరెప్పుడూ కాలు పెట్టి ఉండకపోవచ్చు, కానీ దేశంలో పెద్ద కంపెనీలు బోలెడు అక్కడే రిజిస్టరై ఉంటాయి, అడ్రసు తెలియని డబ్బంతా పోయి ఆ ఒళ్ళో పడుతుంది, వాళ్ళ బడ్జెట్లో ఇదొక పెద్ద ఆదాయం. 2023లో, డబ్బు పంపే కంపెనీ మనీగ్రామ్ చెక్కుల విషయంలో చాలా రాష్ట్రాలు గుంపుగా డెలావేర్ మీదకి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు డెలావేర్‌కి కాదని తేల్చింది, ఆ చెక్కులు ఎక్కడ కొన్నారో ఆ రాష్ట్రానికే పోవాలంది. మనీ ఆర్డరుకి కూడా అదే పద్ధతి. చదువుకునే రోజుల్లో అద్దె మనీ ఆర్డరుతో కట్టినవాళ్ళు, ఒకటి రెండు పారేసుకున్నవాళ్ళు ఉంటారు కదా, అది కొన్న ఊరు గుర్తుచేసుకోండి, రసీదు ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే వాటి మీద కొన్నవాడి పేరు రికార్డుల్లో ఉండాలని లేదు.

వెతికే చోట్లు రెండు. మిస్సింగ్‌మనీ డాట్ కామ్ అని ఒక సైటు ఉంది, నౌపా ఒప్పుకున్నదే, చాలా రాష్ట్రాలవి కలిపి ఒకేసారి చూపిస్తుంది. దాంతో ఆగిపోకండి, ఒక్కొక్క రాష్ట్రం సొంత సైటుకి కూడా వెళ్ళి కొట్టండి, నాకు రెండోది దొరికింది అలాగే. అన్‌క్లెయిమ్డ్ డాట్ ఆర్గ్ అనే నౌపా సైటులో అమెరికా మ్యాపు ఉంటుంది, రాష్ట్రం మీద నొక్కితే అసలు ప్రభుత్వ సైటుకే తీసుకెళ్తుంది. గూగుల్లో వెతికితే పైన ప్రకటనలు వస్తాయి, వాటి మీద నొక్కకండి.

ఇప్పుడు పేర్ల సంగతి.

నా పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంది, ఇక్కడ రాయను గానీ ఇంగ్లీషులో పదమూడు అక్షరాలు. గివెన్ నేమ్ గడిలో మూడు మాటలు: వెంకట లక్ష్మీ సరిత. ఇంట్లో అందరూ సరితే. ఈ దేశంలో మాత్రం మొదటి రోజు నుంచి నేను వెంకట. డాక్టరు దగ్గర "వెంకటా?" అని పిలిస్తే మా ఆయన లేచి నిలబడేవారు, ఆయన పేరులోనూ వెంకట ఉంది. సరే, ఆ రాత్రి నేను ఏం చేశాను, బుద్ధిగా పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరు, పేరు కొట్టాను. సున్నా. పెళ్ళికి ముందు ఇంటిపేరు కొట్టాను. సున్నా. ఆవిడకి దొరికింది, మనకి లేదులే అని ఫోను పక్కన పెట్టేసి, మళ్ళీ తీసి, కరెంటు కనెక్షను ఫోన్లో ఇప్పించుకున్నది గుర్తొచ్చి, ఆ రోజు ఆ అమ్మాయికి స్పెల్లింగు చెప్పడానికి ఎంత అవస్థ పడ్డానో గుర్తొచ్చి, సర్‌నేమ్ గడిలో సరిత అని కొట్టాను. టి తర్వాత హెచ్ ఉంది నా పేరులో, మన దక్షిణాది పద్ధతి. హెచ్ తీసేసి కొట్టాను. వచ్చింది! మొదటి పేరు లక్ష్మి, అది కూడా మధ్యలో ఎక్స్ పెట్టి. ఇంటి అడ్రసు మాత్రం అచ్చం మాదే, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా.

అప్పుడు అర్థమైంది. పేరు సరిగ్గా ఉంటే ఆ చెక్కు నాకు ఎప్పుడో చేరేదేమో, తప్పుగా ఉంది కాబట్టే అది ఇక్కడ పడి ఉంది. అంటే వెతకాల్సింది మన పేరుని కాదు, మన పేరుని ఈ దేశం ఎన్ని రకాలుగా పాడుచేసిందో వాటన్నిటినీ. ఆ వారం రోజులూ నాకు అదే పని. కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే కొట్టాను. ఇంటిపేరు ముందు, ఇంటిపేరు వెనక. ఇంటిపేరు పన్నెండో అక్షరం దగ్గర తెగ్గొట్టి, పదో అక్షరం దగ్గర తెగ్గొట్టి. మూడు మాటలూ కలిపి ఒకే మాటగా. లక్ష్మిని కె ఎస్ హెచ్‌తో, ఎక్స్‌తో. మీకు శ్రీ ఉంటే డబుల్ ఈతో, ఐతో. వెంకటేశ్వర్లుగారైతే వి, డబ్ల్యూ రెండూ, చివర లు ఉండీ లేకా, ఇక ఆయన ఓపిక. రెడ్డి, రావు, కుమార్, చౌదరి అని చివర ఉన్నవాళ్ళకి అదే సర్‌నేమ్ అనుకుని రాసేస్తారు, అసలు ఇంటిపేరు మధ్యలో ఒక్క పొడి అక్షరమై మిగులుతుంది, కాబట్టి రెండూ చూడాలి.

పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్ళకి ఇంకో వింత ఉంది. గివెన్ నేమ్ గడి ఖాళీగా ఉంటే వీసా మీద ఎఫ్ ఎన్ యు అని కొడతారు, అంటే మొదటి పేరు తెలియదు అని. మా మరిదికి అదే జరిగింది. డ్రైవింగ్ లైసెన్సు మీద కూడా అదే ఎక్కింది. కాలేజీలో వాణ్ణి రెండేళ్ళు అందరూ "ఫ్ను" అని పిలిచారు, అది మన దేశంలో మామూలు పేరే అనుకున్నారట పాపం. అలాంటివాళ్ళు ఆ మూడక్షరాలనే మొదటి పేరుగా ఒకసారి, ఇంటిపేరుగా ఒకసారి కొట్టి, ఊరి పేరుతో వడగట్టుకోవాలి. అలా కొడితే బోలెడంతమంది "తెలియదు"లు వరసగా వస్తారు, చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

దొరికాక క్లెయిమ్. మొదటి రాష్ట్రంలో ఇలా జరిగింది: ఆ వరస పక్కన ఉన్న బటన్ నొక్కితే ఫారం వచ్చింది, సోషల్ సెక్యూరిటీ నంబరు, ఇప్పటి అడ్రసు, ఐడీ, పాత అడ్రసుకి రుజువు అడిగారు. పాత అడ్రసు రుజువు దగ్గరే చాలామంది ఆగిపోతారట, పన్నెండేళ్ళ కిందటి బిల్లు ఎవరు దాస్తారు అని. మనం దాస్తాం! గ్రీన్ కార్డు ఫైలు అని ఒక భూతం మన ఇళ్ళల్లో ఉంటుంది కదా. ఏనాటి జీతం స్లిప్పులు, ప్రతి డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను లెక్క చూపే కాగితం), ప్రతి లీజు, మా ఆయన వాటిని ఏళ్ళ వరసలో పంచ్ చేసి రింగు బైండర్లలో పెట్టారు, లాయరు ఎప్పుడు ఏ కాగితం అడుగుతాడో అని. ఇన్నాళ్ళూ ఆ బైండర్లు అలమరాలో చోటు తినేస్తున్నాయని సణిగేదాన్ని. 2011 డబ్ల్యూ-2 మీద ఆ అపార్ట్‌మెంట్ అడ్రసు ఉంది, స్కాన్ చేసి పెట్టాను. పేరు తేడాకి పాస్‌పోర్టు కాపీ పెట్టి, ఈ రెండు పేర్లూ నావే అని ఒక పేజీ ఉత్తరం రాశాను. ఇరవై రెండో రోజున చెక్కు. నాలుగు మార్కులు ఎందుకు, ఐదు ఎందుకు కాదు అంటే మధ్యలో ఒక్క ఈమెయిలు కూడా లేదు, అసలు చేరిందో లేదో తెలియక టెన్షన్.

రెండోది వేరే రాష్ట్రం, 640 డాలర్ల చిల్లర, మా ఆయన పాత ఉద్యోగంలో మెడికల్ ఖర్చులకి పక్కన పెట్టించిన డబ్బు. ఇక్కడ సైటు పాతకాలం నాటిది, అప్‌లోడ్ లేదు, అన్నీ ప్రింటు తీసి పోస్టులో పంపమన్నారు. పంపాం. రెండు నెలలు చూశాం. ఫోను చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించి కట్ అయింది. మళ్ళీ చేస్తే ఒకాయన ఎత్తి "మేం మీకు ఇంకో కాగితం కావాలని ఉత్తరం రాశాం, జవాబు రాలేదు, ఫైలు మూసేశాం" అన్నాడు. ఉత్తరం ఏ అడ్రసుకి పంపారండీ అంటే, పాత అడ్రసు చదివాడు. నేను అక్కడ లేను కాబట్టే కదయ్యా ఈ డబ్బు మీ దగ్గరికి వచ్చింది! మా ఆయన ఫోను మ్యూట్‌లో పెట్టి తెలుగులో నాలుగు మాటలు అనుకున్నారు, అవి ఇక్కడ రాయలేను.

మళ్ళీ మొదటి నుంచి. ఈసారి ఒక అఫిడవిట్ కావాలన్నారు, ఈ పేరూ ఆ పేరూ ఒకే మనిషివి అని, నోటరీ ముద్రతో. అలాంటి అఫిడవిట్లు మనకి కొత్తా? పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు ఉన్న దేశం నుంచి వచ్చాం. బ్యాంకులో నోటరీ ఉచితంగా చేశారు. అది పంపాక ఇంకో మూడు నెలలు. మూడోసారి ఫోను ఎత్తినావిడ, ఆవిడ పేరు తెలియదు, మాట తీరుని బట్టి పెద్దావిడ, ఫైలు నంబరు అడిగి, "ఉండమ్మా" అన్నట్టు ఏదో అని, పది నిమిషాలు లైన్లోనే ఉంచి, స్కాన్లో ఒక పేజీ తిరగబడి ఉంటే సరిచేసి, ఇంకో వారంలో వస్తుంది అంది. వారంలో వచ్చింది. ఆ రెండు మార్కులూ ఆవిడవే.

మా ఆయనకి మూడోది కూడా ఒకటి దొరికింది, దాని కథ వేరు. 2009లో నలుగురు బ్రహ్మచారులు కలిసి ఉన్న ఇంటి డిపాజిట్, కాగితాల మీద పేరు మాత్రం ఈయన ఒక్కరిది. డబ్బు రాగానే వాట్సాప్ గ్రూపులో పెట్టారు, అప్పటిదాకా పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ లేని గ్రూపు ఒక్కసారి లేచి కూర్చుంది. ఒకాయన ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నారు, "నా వాటా వద్దు, అప్పట్లో నేను కార్పెట్ మీద పోసిన సాంబారు మరకకి అదే ఫైన్ అనుకో" అన్నారు. ఆ మరక ఎవరు చేశారో పదిహేనేళ్ళ తర్వాత తేలింది.

రాష్ట్రాల మధ్య తేడా చాలా ఉంది. ఇల్లినాయ్ ట్రెజరర్ ఆఫీసువాళ్ళది నాకు బాగా నచ్చిన పద్ధతి, రాష్ట్రం దగ్గర ఉన్న వేరే రికార్డులతో పోల్చి చూసి, మనిషి, అడ్రసు సరిపోతే ఫారం అడక్కుండా చిన్న మొత్తాలు నేరుగా చెక్కు పంపేస్తారు. కాలిఫోర్నియా సైటులో ఎంత ఉందో ముందే కనిపిస్తుంది. కొన్ని రాష్ట్రాలు వంద లోపు, వంద పైన అని మాత్రం చెప్తాయి, అది తొమ్మిది డాలర్లో తొంభయ్యో తెలియక మనం ఉత్తరాలు రాస్తూ కూర్చోవాలి. వడ్డీ చాలా చోట్ల ఇవ్వరు. షేర్లయితే ఇంకో మెలిక, రాష్ట్రం చేతికి వచ్చాక వాటిని అమ్మేసి ఆ రోజు ధరే మనకి దాచిపెట్టే రాష్ట్రాలున్నాయి, తర్వాత అవి పదింతలైనా మనకి రాదు. పాత కంపెనీలో ఉద్యోగుల కోటాలో కొన్న షేర్లు ఎక్కడో బ్రోకరేజి ఖాతాలో ఉన్నాయి, లాగిన్ మర్చిపోయాను అనేవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. ఏడాదికి ఒకసారి లాగిన్ అవండి, అడ్రసు మార్చండి, అంతే.

మధ్యవర్తుల గురించి. మా ఆయన పేరు మీద ఆ 640 ఉన్న సంగతి మేం కనుక్కున్న నెలలోనే ఒక ఉత్తరం వచ్చింది, "మీకు రావాల్సిన ఆస్తి ఉంది, సంతకం పెట్టండి, మేం తెప్పిస్తాం, పదో వంతు మాకు" అని. ఇది మోసం కాదు, చట్టం ఒప్పుకున్న వ్యాపారమే, కాలిఫోర్నియా, టెక్సాస్ లాంటి చోట్ల పది శాతం దాటి తీసుకోకూడదని పరిమితి కూడా ఉంది. కానీ వాళ్ళు చేసేది మనం చేసేదే, అదే ఫారం, అదే ఐడీ, అదే పాత డబ్ల్యూ-2, అవి మళ్ళీ మనమే ఇవ్వాలి. దేనికి పదో వంతు? ముందుగా ఫీజు కట్టమనేవాళ్ళు, మెసేజిలో లింకు పంపేవాళ్ళు మాత్రం అసలు దొంగలే. రాష్ట్రం ఎప్పుడూ డబ్బు ఇవ్వడానికి డబ్బు అడగదు.

ఈ సైట్లలో అన్నీ ఉండవు. పాత ఉద్యోగంలో 401కె అనే రిటైర్మెంట్ ఖాతా మర్చిపోయినవాళ్ళకి లేబర్ డిపార్ట్‌మెంట్ 2024 చివర్లో వేరే డేటాబేస్ పెట్టింది, అది ఫెడరల్. టాక్స్ రీఫండ్ ఐఆర్ఎస్ దగ్గరే. ఇక్కడ వెతుకుతుంటే మా అమ్మ అడిగింది, మీ తాతయ్య పాత బ్యాంకు పుస్తకం సంగతేమిటి అని. మన దేశంలో పదేళ్ళు కదలని ఖాతాల డబ్బు రిజర్వ్ బ్యాంకు నిధికి పోతుంది, వెతకడానికి 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టారు. దాంట్లో కనిపిస్తుందంతే, తెచ్చుకోవాలంటే మళ్ళీ ఆ బ్యాంకుకి వెళ్ళి మేనేజరు ఎదురుగా కూర్చోవాల్సిందే. తాతయ్యది ఇంకా దొరకలేదు.

ఇండియా తిరిగి వెళ్ళిపోయినవాళ్ళకి ఒక మాట. క్లెయిమ్ చేయొచ్చు, పౌరసత్వంతో, వీసాతో సంబంధం లేదు, డబ్బు మీదైతే మీదే. ఇబ్బంది రెండు చోట్ల. నోటరీ అడిగితే హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేటులో చేయించుకోవచ్చు, ఒక్కో ముద్రకి 50 డాలర్లు, అరవై డాలర్ల క్లెయిమ్‌కి అది దండగ. రెండోది చెక్కు. అమెరికా చెక్కుని అక్కడి బ్యాంకులో వేసి రూపాయలు చేసుకోవడం పెద్ద తలనొప్పి, వారాలకి వారాలు. అందుకే ఇక్కడి ఖాతా ఒకటి మూయకుండా ఉంచుకున్నవాళ్ళు హాయిగా ఉన్నారు.

చనిపోయినవాళ్ళ పేర్లు కూడా వెతకొచ్చు. ఇది రాయాలా వద్దా అనుకున్నాను. మా వైపు అబ్బాయి ఒకడు, చదువుకోడానికి వచ్చి రోడ్డు ప్రమాదంలో పోయాడు, కొన్నేళ్ళయింది. వాళ్ళ నాన్నగారిని అడిగి పేరు కొట్టాను. రెండు వరసలు వచ్చాయి, ఒక బ్యాంకు ఖాతా, పార్ట్ టైమ్ ఉద్యోగంలో ఆఖరి వారాల జీతం, 88 డాలర్లు. డెత్ సర్టిఫికెట్, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం, తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, ఇవన్నీ కావాలన్నారు. ఇంత చిన్న మొత్తానికి మీకెందుకండీ ఈ తిరుగుడు అని నేనే అన్నాను, అనకుండా ఉండాల్సింది. "వాడి జీతం కదమ్మా, చూద్దాం" అన్నారాయన. మీసేవకి వెళ్ళి కాగితం తెచ్చారు. పోయిన వారం పంపాను.

నిన్న రాత్రి గిన్నెలు సర్దేశాక మా మరిది పేరు కొట్టాను. సరైన స్పెల్లింగుతో ఏమీ లేదు. తిప్పి కొట్టాను, లేదు. ఫ్ను అని కొట్టి, వాడు చదువుకున్న ఊరి పేరు ఇచ్చాను. మూడు వరసలు, ఒకదాని పక్కన వంద పైన అని ఉంది. శనివారం భోజనానికి వస్తున్నాడు, పాత ఫైలు పట్టుకుని రమ్మన్నాను, ఎందుకో చెప్పలేదు.